అకామా

ఎస్పీ ఆఫీసు గోడకు ఆనుకొని
మూడున్నర అడుగుల కొట్టు నాది.
జిరాక్సు, లామినేషను, ఆన్‌లైన్ అప్లికేషన్లు.
బోర్డు మీద ఓబులేసులో
'సు' ఎండకు రాలిపోయి శానా దినాలాయ.
జనం ఓబులే అంటారు, పలుకుతా.

ఆమె వస్తానే అరబ్బీలో పలకరిస్తాది.
"షలోనక్?"
"జేన్" అంటా నేను.
కడప ఎండలో ఇద్దరం నిలబడి
ఎవరికీ కాని బాస మాట్లాడుకుంటాం.
ఆమెది సముద్రాలవతల సమార్ దీవి,
నాది పుల్లంపేట పక్కన పల్లె.
మా జీతాలు ఎగ్గొట్టిన ఇండ్లల్లో
ఉత్తపుణ్యానికి నేర్చుకున్నాం దాన్ని.

పేరు మరిసెల్. నకాషులో మరియంబీ.
ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్లే కొట్టాల.
ఒక్క అక్షరం జారితే
ఇంకెవరో అయిపోతాది మనిషి.

ఏడాదికొకసారి ఈ తంతు.
ఫోటో వెనక తెల్లగా ఉండాల, చెవులు కనపడాల.
దుప్పటి కట్టి నిలబెడతా.
ముసుగు చెవుల వెనక్కి దోపుకొని
ఊపిరి బిగబట్టుకుంటాది.
ఫర్వానియాలో ఒకప్పుడు
నేనూ అట్లే బిగబట్టినా.

'ఈ దేశంలో ఎందుకు ఉండదలిచారు?'
చిన్న గడి. నలభై అక్షరాలు పడతాయి.
పోయినేడు 'భర్తతో ఉండటానికి' అని కొట్టినా.
ఈ ఏడు దస్తగిరి ఈడ లేడు.
అప్పు తీరక మళ్లా డ్రైవరు వీసా మీద
ఆడికే పోయినాడు.
వాని అకామా ఆడ మార్చిలో అయిపోతాది,
ఈమెది ఈడ జూన్లో.
కీబోర్డు మీద వేళ్లు పెట్టి
అట్లే కూచున్నా.

'స్వదేశంలో శాశ్వత చిరునామా?'
ఆమె నవ్వింది.
ఆ ఇంటిని తుపాను ఎత్తకపోయింది,
తలుపు నంబరు మాత్రం గుర్తుంది.
"రాయి" అన్నది. రాసినా.
సర్వరు ఒప్పుకుంది.
ఇల్లు నిలబడి ఉందా అని అది అడగదు.

నా సివిల్ ఐడీ కార్డు ఇంకా ఉంది.
గడువు దాటినాక పదకొండు నెల్లు
మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో పండుకున్నా.
కింద పోలీసు బండి ఆగినప్పుడల్లా
మా నాయన పెట్టిన పేరు కూడా
నోట్లోకి రాకపోయేది.
ఇప్పుడా కార్డుతో
మిషన్లో ఇరుక్కున్న కాయితాలు గీకి తీస్తా.
ఈ పనికి గడువు లే.

ఈసారి వెంట అత్త వచ్చింది, హుసేన్‌బీ.
బుగ్గవంక పొంగిన రాత్రి
పెట్టెతో సహా కాయితాలన్నీ పోయినాయంట.
ఎప్పుడు పుట్టినావమ్మా అంటే
"పెద్దదర్గా ఉరుసుకు రెండు నాళ్ల ముందు" అంటాది.
ఏ ఏడో ఎవరికీ తెలీదు.
ఈడ ఎందుకుండావని
ఎవరూ ఆమెను అడిగింది లే.

స్టూలు దగ్గరికి లాక్కొని
తెర వైపు వేలు చూపించింది.
"ఏమంటాది అది?"
"ఈయమ్మ ఈడ ఎందుకుండాల అంటాది."
"పొద్దున్నే నా కంట్లో మందెవరేస్తారంట?
దాన్నే అడుగు. అదే రాయి."

ఇంగ్లీషులో కూడగట్టి కొట్టి చూసినా.
నలభైలో పట్టింది.
కొంచేపు చూసుకున్నా.
తుడిపేసినా.
'భర్త కుటుంబంతో నివాసం' అని పెట్టి
ప్రింటు తీసినా.

"నిశానీ యాడెయ్యాల?"
అక్కర్లేదమ్మా అన్నా వినలే.
స్టాంపు ప్యాడు మూత తీసి
బొటనవేలు అద్ది
అడుగున ఖాళీలో గట్టిగా నొక్కింది,
రొట్టె పిండి మీద నొక్కినట్లు.

పాడైంది, ఇంకోటి తీద్దామని లేస్తానే
కరెంటు పోయింది.
ఫ్యాను నిదానంగా ఆగింది.
ముగ్గురం చెమటలు తుడుచుకుంటా కూచున్నాం.
"బుక్రా" అన్నది మరిసెల్,
రేపు అని.
ముసలామె వేలికి
ఊదా సిరా ఇంకా తడిగానే ఉంది.